రికార్డు బటన్ నొక్కే ముందు

అమెరికాలో సంగీతంలో డాక్టరేట్‌కు చేరిన మన పిల్లలకు పాటలో గానీ పరీక్షల్లో గానీ పెద్ద చిక్కు ఉండదు. మూలగ్రంథాల దగ్గరైతే వాళ్లదే పైచేయి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులోనే ఉంది. త్యాగయ్య కృతుల్లో అత్యధిక భాగం, క్షేత్రయ్య పదాలు తెలుగే. ఇంట్లో అక్షరాలు దిద్దించి ఉంటే, తోటి విద్యార్థి ఏళ్లు కష్టపడి అందుకునేది వీళ్లకు ముందే అందుతుంది. ఆగిపోయేది డిసర్టేషన్ దగ్గర. ప్రాతినిధ్యం తక్కువున్న వర్గాల జాబితాలో ఆసియన్లను సాధారణంగా చేర్చరు గానీ, సంగీత విభాగంలో తెలుగు విద్యార్థి చాలాసార్లు ఒంటరే. ఇంజినీరింగ్‌కు వచ్చేవాళ్లకు విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపు సిద్ధం. ఇక్కడ దారి చెప్పే సీనియర్ లేడు. ఫెలోషిప్ దొరకకపోవడం కంటే ఈ లోటే పెద్దదని నా అభిప్రాయం.

ఆ సీనియరే ఉంటే మొదట చెప్పే మాట: ఐఆర్‌బీ (మనుషులతో చేసే పరిశోధనను ముందుగా సమీక్షించే విశ్వవిద్యాలయ బోర్డు) నిర్ణయం రాకముందు పరిశోధన కోసం ఎవరినీ రికార్డు చేయొద్దు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒగ్గుకథ చెప్పే పెద్దాయన ముందో, పెళ్లిపాటలు పాడే అమ్మమ్మ ముందో ఫోను తీయడం సహజం. కానీ జరిగిపోయిన పనికి ఆ బోర్డు తర్వాత అనుమతి ఇవ్వదు. ఆ పాటలన్నీ డిసర్టేషన్‌కు పనికిరాకుండా పోవచ్చు. మళ్లీ వెళ్లేసరికి పాడిన మనిషే ఉండకపోవచ్చు. మనవాళ్ల దగ్గర మనకు అనుమతేమిటని కొందరంటారు. చుట్టరికం ఉన్నచోటే వద్దనడం కష్టం, కనుక అక్కడే అడగాలి. మౌఖిక చరిత్రకు మినహాయింపు ఉంది కదా అని ఇంకొందరంటారు. నిజమే, సవరించిన సమాఖ్య నిబంధనల్లో ఉంది. అయితే అది ఆ ఫలానా వ్యక్తి గురించే రాసే పనికి. ఒకరి మాటలనుబట్టి మొత్తం ఒగ్గు సంప్రదాయం గురించి తీర్మానాలు చేస్తే అది వర్తించకపోవచ్చు, మన విద్యార్థులు చేసేదేమో ఎక్కువగా ఆ రెండో పనే. పైగా ఆ సంగతి తేల్చాల్సింది విద్యార్థి కాదు, విశ్వవిద్యాలయం. ఆ జవాబు ఈమెయిల్‌లో వచ్చాకే టికెట్ కొనడం మేలు.

సంతకమంటే పల్లెల్లో జంకుతారన్న అభ్యంతరం మాత్రం గట్టిది. దానికీ ఆ నిబంధనల్లోనే దారి ఉంది: సంతకాలు ఆనవాయితీ కాని సమాజాల్లో, పాల్గొనేవాళ్లకు ముప్పు నామమాత్రమైతే, సమ్మతిని తగిన మరో పద్ధతిలో నమోదు చేయవచ్చు. అయితే దరఖాస్తులో అడగాలి; అడగకపోతే మామూలు ఫారమే చేతికొస్తుంది. రికార్డింగులు తర్వాత గురుగ్రామ్‌లోని ఏఐఐఎస్ (అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్) సంగీత ఆర్కైవ్ లాంటి చోట దాచాలనుకుంటే ఆ మాట కూడా సమ్మతి పాఠంలో ఉండాలి. ఆ పాఠం పాడేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండి తీరాలి. “గోప్యత పరిరక్షింపబడును” అని చదివితే ఒగ్గు పూజారి లేచి వెళ్లిపోతాడు. కరీంనగర్ మాటా శ్రీకాకుళం మాటా తెలిసిన పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. దరఖాస్తు పంపకముందే ఆ ఒక్క పేజీ వాళ్లకు చదివి వినిపిస్తే, ఎక్కడ మాట మార్చాలో వాళ్లే చెబుతారు.