బలహీనమైన ఘటము

స్వయముగా నిర్మించుకొనిన చేతి ఆటయంత్రము హఠాత్తుగా ఆగిపోయినచో, యంత్రమే చెడినదని తలంచుట తగదు. తరచుగా దోషము బ్యాటరీలో నుండును.

నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటము ఒక్కొక్కటి సుమారు 1.2 వోల్టుల నిచ్చును. నాలుగింటిని వరుసగా కలిపినచో 4.8 వోల్టులు లభించును. వానిలో ఒకటి బలహీనమైనచో అది ముందుగా ఖాళీయగును. తక్కిన మూడును దానిగుండా విద్యుత్తును త్రోయుటచే దాని ధ్రువములు తారుమారై, అది మరింత చెడును.

యంత్రము నాపి కొలిచినచో అట్టి ఘటమును మంచిదానివలెనే కన్పట్టవచ్చును. కావున బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి, ఆట సాగుచుండగా వోల్టుమీటరుతో ఒక్కొక్క ఘటమును కొలువవలెను. తక్కినవి 1.2 వోల్టుల చేరువ నుండగా ఒకటి 1 వోల్టు కంటె తగ్గినచో దోషము దానిదే. అన్నియు సరిగా నున్నచో తీగెల అతుకులను పరీక్షింపవలెను. క్రొత్త ఘటమును పాతవానితో కలుపక, నాలుగింటిని ఒకేసారి మార్చుట మేలు. కొలిచి చూచిన పిమ్మటనే ఏ వస్తువునైనను చెడినదని నిర్ణయింపవలెను.