కొండెక్కి వచ్చే నీళ్ళు

ఒక బిందెడు నీళ్ళు మేడమీదికి మోస్తేనే మనకు ఆయాసం వస్తుంది కదూ! మరి ఒక మహానగరానికి కావలసిన నీళ్ళన్నీ ఎత్తుకు మోయవలసి వస్తే?

హైదరాబాదు సంగతే చూడండి. 1908లో మూసీనదికి వచ్చిన వరదలో వేలాదిమంది మరణించారు. అలాంటి ముప్పు మళ్ళీ రాకుండా, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి వరదను ఆపడమే కాక తాగునీరు కూడా ఇచ్చాయి. నీరు పల్లమెరుగు అంటారు కదా! ఎత్తున ఉన్న ఉస్మాన్ సాగర్ నుంచి నీరు తనంతట తానే ఊళ్ళోకి పారి వచ్చేది.

కాని నగరం పెరిగింది. 1951లో సుమారు 11 లక్షలున్న జనాభా, 2011 నాటికి పరిసర పట్టణాలతో కలిపి 77 లక్షలయింది. దగ్గరి నీరు చాలలేదు. 1965లో మంజీరా నీరు, 2004లో కృష్ణ నీరు, 2015లో గోదావరి నీరు తెచ్చారు.

కృష్ణ నీరు నాగార్జునసాగర్ జలాశయం నుంచి 100 కిలోమీటర్లకు పైగా గొట్టాలలో వస్తుంది. ఆ జలాశయం నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 180 మీటర్లు. హైదరాబాదు ఎత్తు సుమారు 540 మీటర్లు. అంటే నీటిని 360 మీటర్లు పైకెత్తాలి!

ఇప్పుడు మీ భౌతికశాస్త్రం పాఠం గుర్తు తెచ్చుకోండి. 1000 లీటర్ల నీటి ద్రవ్యరాశి 1000 కిలోగ్రాములు. దీనిని గురుత్వ త్వరణం 9.8తోనూ, ఎత్తు 360తోనూ గుణించండి. 35,28,000 జౌళ్ళు! ఇది దాదాపు ఒక యూనిట్ విద్యుత్తు. పంపులలో, గొట్టాలలో జరిగే నష్టం దీనికి అదనం. పైగా ఆ నదుల నీటికోసం పొలాలూ ఎదురుచూస్తుంటాయి. నగరం ఎంత పెరిగితే నీటికోసం అంత దూరం పోవాలి. ఆ పోకకు ఎక్కడో ఒక హద్దు ఉండక తప్పదు.

అయితే, ఏ పంపూ లేకుండా నీటిని పైకెత్తేవాడు ఒకడున్నాడు. సూర్యుడు! 100 చదరపు మీటర్ల డాబామీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1000 లీటర్లు. ఒక యూనిట్ విద్యుత్తుతో ఎత్తే నీరు మన నెత్తిమీదికే ఉచితంగా వచ్చిందన్నమాట.

ఈసారి వాన పడ్డప్పుడు మీ డాబా కొలిచి లెక్క కట్టండి. ఆ నీరు ఇంకుడుగుంటలోకి పోతున్నదో, మురుగుకాలవలోకి పోతున్నదో కూడా చూడండి!