పాచివనములో మూడు దినములు

జపాను దేశమున క్యూషూ దీవి దక్షిణాగ్రమునుండి సుమారు 60 కిలోమీటర్ల దూరమున, సముద్రమధ్యమందు యాకుషిమ అను చిన్న దీవి కలదు. వైశాల్యము 500 చదరపు కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. అంత చిన్న నేలపై 1,936 మీటర్ల ఎత్తున మియానోవురా శిఖరము నిలిచియున్నది. హైదరాబాదులో ఏడాది పొడుగున కురియు వాన 800 మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండును. ఆ దీవి కొండలపై అంతకు పదింతలు కురియును. కురోషియో అను వెచ్చని సముద్రప్రవాహము పక్కగా పోవుటచే అచ్చటి గాలి నిండు తేమతో నుండును. ఆ గాలి కొండను తాకి పైకెగయుచు చల్లబడి, మేఘమై, ఆ అడవిలోనే విశ్రమించును. బయటనుండి చూచువారికి అది మేఘము. లోపల నడచువారికి పొగమంచు.

ఆ మంచులో మేము మూడు దినములు కెమెరా మోసికొని నడచితిమి. యోదొగావా అనుచోట దారి మొదలగును. దారిలో గల బసలలో కాపలాదారు గాని వంటవాడు గాని ఉండడు. బియ్యము, పొయ్యి, పరుపు అన్నియు భుజముమీదనే. కెమెరా బరువు మొదటి గంటలో తెలియదు, తరువాత తెలియక మానదు.

పాచి యనగా మన బావిగట్టుపై జారుడు పుట్టించు పచ్చదనమేగదా యని శ్రోతలు అనుకొనవచ్చును. ఆ దీవిలో దాదాపు 600 జాతుల పాచి యున్నది. పాచికి నిజమైన వేరులు లేవు, నీటిని పైకి తీసికొనిపోవు నాళములు లేవు. ఆకులతోనే నీరు త్రాగును. ఎండిన దినమున ఆకు ముడుచుకొని గోధుమరంగున పడియుండును. తడిసినంతనే విప్పారి పచ్చబడును. కావున ఆ అడవిని చూడదలచినవాడు వానలోనే చూడవలెను. ఎండకాయు దినమున వెళ్లి మంచి ఫొటోలు దొరకలేదని వగచువారిపై మాకు జాలి కలుగును.

ఫొటో తీయుటకును మంచే అనుకూలము. నిండు ఎండలో అడవి తెలుపు మచ్చలు, నలుపు మచ్చలుగా చీలిపోవును. మంచు పలుచని వస్త్రమువలె వెలుతురును సమముగా పరచును. అయితే కెమెరాలోని వెలుతురు కొలత ఆ తెల్లదనమునకు మోసపోయి, చిత్రమును బూడిదరంగుగా నల్లబరచును. అది చెప్పినదానికంటె వెలుతురు ఇంచుమించు రెట్టింపు ఈయవలెను. చెట్లక్రింద చీకటి గనుక షట్టరు అర సెకండు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి తెరచియుండును. మూడుకాళ్ల స్టాండు లేనిదే చిత్రము చెదరును. తడియాకుల తళుకును అణచు పోలరైజరు అద్దము నొకటి తగిలించినచో పాచి అసలు రంగు బయటపడును.

ఇంత తెలిసియు మేము పొరపాటు చేసితిమి. రెండవ రాత్రి షిన్ తాకత్సుకా బసలో ఇరువదిమంది ఊపిరితో, తడిబట్టల ఆవిరితో గాలి వెచ్చగా, చెమ్మగా నుండెను. అచ్చట లెన్సు మార్చితిమి. ఆ తేమగాలి కెమెరాలో బందీయయ్యెను. తెల్లవారి చలిలోనికి తీయగానే లెన్సు లోపలివైపున మంచు పట్టెను. పైపైని తుడుచుటకు అందదు. జోమోన్ సుగి ఎదుటికి చేరునప్పటికి మా కెమెరా గ్రుడ్డిదైపోయెను.

జోమోన్ సుగి యనునది ఆ దీవి దేవదారులలో పెద్దది: ఎత్తు 25 మీటర్ల పైచిలుకు, చుట్టుకొలత 16 మీటర్ల పైచిలుకు. లోపలి కొయ్యను పరీక్షించి 2,170 ఏండ్లు కట్టినారు. 7,200 అని మరొక అంచనాయు కలదు. లోపల బోలుగా నుండుటచే నిర్ణయింప వీలులేదు. ఆ దీవిలో సుగి వెయ్యేండ్లు దాటినగాని దానిని యాకుసుగి యనరు. ఇంతటి ఆయుస్సునకు హేతువు సమృద్ధికాదు, లేమి. నేల నల్లరాయి, పైన మన్ను పలుచన. చెట్టు మెల్లగా పెరుగును, వలయములు దగ్గరదగ్గరగా పడును, జిగురు హెచ్చుగా నిండును. అందుచే కుళ్లు పట్టదు. ఆ సుగుణమే చెట్లకు చేటు తెచ్చినది. పదునేడవ శతాబ్దినుండి పై కప్పు పెంకుబిళ్లలకై వేలకొలది చెట్లు నరికిరి. ఆ పలకలనే పన్నుగా చెల్లించిరి. నార సూటిగా నున్నదా యని గొడ్డలితో పరీక్షించిన గాట్లు నేటికిని కొన్ని మ్రానులపై కనబడును. జోమోన్ సుగి బుడిపెలతో, మెలికలతో నుండుటచే పలకలకు పనికిరాక మిగిలినది!

లెన్సు తేటపడుటకు గంటన్నర పట్టెను. ఆ గంటన్నరయు కొయ్యవేదికపై కూర్చుండి చెట్టును చూచితిమి. చూడవచ్చువారి పాదములక్రింద వేళ్లు బయటపడి చెడుచుండుటచే 1996లో ఆ వేదిక కట్టి, జనమును దూరమున నిలిపినారు. లెన్సు తేరుకొనునప్పటికి మంచు చిక్కబడి చెట్టు కనుమరుగయ్యెను.

దిగువదారిలో విల్సన్ మొద్దు కలదు. 1914లో ఎర్నెస్ట్ విల్సన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని లోకమునకు తెలిపెను. లోన చిన్న గది యంత బోలు, అందొక నీటిఊట, ఒక గుడి. ఇట్టి నరకిన మొద్దులపై పాచి పట్టి, ఆ పాచి తడిలో సుగి విత్తనము మొలచి, మొద్దుపైననే రెండవ తరపు చెట్టు నిలుచుట ఆ దారి పొడుగున చూడవచ్చును.

అటుపిమ్మట 1923లో కొయ్య మోయుటకు వేసిన చిన్న రైలుపట్టాలపై నడక. నడుమ కొసుగిదాని అను కొయ్యకూలీల ఊరుండెను. ఒకప్పుడు ఐదువందలమందికి పైగా నివసించిరి, పిల్లలకు బడియు నుండెను. 1970లో ఊరు ఖాళీయయ్యెను. బడిమెట్లు మాత్రము మిగిలియున్నవి, పాచిచే కప్పబడి. స్టాండు దింపి ఒక్క ఫొటో తీసితిమి. షట్టరు రెండు సెకండ్లు తెరచియుంచితిమి.