సాగే గుడ్డకు ముందుచూపు

బనీను అంచు పట్టుకుని లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. అదే నూలుతో నేసిన పంచె అలా సాగదు. దారంలో లేని సాగుడు బనీనుకు ఎక్కడినుంచి వచ్చింది? పంచెలో పడుగూ పేకా తిన్నగా పోతూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. బనీనులో దారం మెలికల ముగ్గులో గీతలా వంపులు తిరుగుతుంది. కింది వరస లూపులోంచి పై వరస లూపు పుడుతుంది. గుడ్డను లాగినప్పుడు దారం పొడవు పెరగదు, లూపు ఆకారం మారుతుంది. అంటే ఇక్కడ సాగుడు సరుకుది కాదు, అమరికది. నిజామాబాద్ బజార్లలో చలికాలం కనిపించే స్వెటర్లూ, బోధన్ చెరకు తోటల్లో రైతుల ఒంటి మీది బనీన్లూ, పిల్లల సాక్సులూ అన్నీ ఈ లూపుల కుటుంబమే. మన దేశంలో స్వెటర్లకు లుధియానా, బనీన్లకు తిరుప్పూరు పేరుమోసిన ఊళ్ళు.

చేత్తో అల్లేవాళ్ళు ఒక్కో లూపే వేసుకుంటూ పోతారు. వరస మొత్తాన్ని ఒక్కసారిగా వేసే యంత్రం 1589లో వచ్చింది. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గరి కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ ఒక్కో లూపుకు ఒక్కో సూది పెట్టి మేజోళ్ళు అల్లించాడు. ఎలిజబెత్ రాణి పేటెంట్ ఇవ్వలేదంటారు. లీ ఫ్రాన్స్ వెళ్ళి, అక్కడా కలిసిరాక, అక్కడే పోయాడు. 1840ల చివర్లో లెస్టర్‌లో మాథ్యూ టౌన్సెండ్ సూది కొనకు తెరుచుకునే, మూసుకునే చిన్న నాలుక అమర్చాడు. ఈనాటి అల్లిక యంత్రాల్లో ఎక్కువ భాగం ఆ నాలుక సూది మీదే నడుస్తున్నాయి.

యంత్రానికి అల్లడం వచ్చింది గానీ, అల్లినది చివరికి ఎంత సైజుకు తేలుతుందో చెప్పడం రాలేదు. యంత్రం మీద బిగువుగా ఉన్న గుడ్డ దించగానే ముడుచుకుంటుంది, ఉతికితే ఇంకొంత కుంచించుకుపోతుంది. అందుకే శాంపిల్ అల్లడం, ఉతకడం, కొలవడం, తేడా సరిచేసి మళ్ళీ అల్లడం. ఒక్క కొత్త డిజైన్‌కు ఈ చక్రం ఎన్నిసార్లు తిరిగితే అంత నూలు, అంత కాలం వృథా.

ఈ చిక్కుకు లెక్క దొరికింది మళ్ళీ నాటింగ్‌హామ్‌లోనే. మేజోళ్ళ పరిశ్రమ పరిశోధన సంస్థలో పనిచేసిన మండెన్ 1959లో ఒక సంగతి తేల్చాడు. గుడ్డ పూర్తిగా బిగువు వదిలాక దాని కొలతలను ప్రధానంగా నిర్ణయించేది ఒక్కో లూపులో పట్టిన దారం పొడవు. ఆ పొడవును రెట్టింపు చేస్తే చదరపు అంగుళంలో పట్టే లూపులు నాలుగో వంతుకు పడిపోతాయి. కంప్యూటర్ తెర మీద స్వెటర్ తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ల గురించి ఎంత చెప్పుకున్నా, నా దృష్టిలో గుడ్డ సైజును ముందే చెప్పే విద్యకు పునాది ఆ కాగితం మీది లెక్కే.

ఇక యంత్రం సంగతికొస్తే, 1937లో జపాన్‌లోని వకయామాలో మసహిరో షిమా పుట్టాడు. షిమా 1962లో పెట్టిన షిమా సెయ్‌కీ కంపెనీ చేతి తొడుగులల్లే యంత్రాలతో ఎదిగింది. తొడుగును తలకిందులు చేసి చూస్తే వేళ్ళలో మధ్యది ఒంటి భాగంగా, అటూ ఇటూ ఉన్నవి చేతులుగా స్వెటర్‌లా కనిపించిందట ఆయనకు. ఆ ఊహ ముదిరి 1995లో మిలాన్ యంత్ర ప్రదర్శనలో కుట్టు అక్కరలేకుండా మొత్తం స్వెటర్‌ను ఒకే ముక్కగా అల్లే యంత్రమైంది. కత్తిరింపు పోయిందని అందరూ మెచ్చుకున్నారు. కానీ కత్తిరింపుతో పాటు కటింగ్ మాస్టర్ చేసే సర్దుబాటు కూడా పోయింది. గుడ్డ కాస్త అటూ ఇటూ అయితే కత్తెర దగ్గర సర్దుకునే వీలుండేది. ఇప్పుడు ఏ సూది అల్లాలో, ఏది దారాన్ని పట్టుకుని ఆగాలో, ఏది ఊరుకోవాలో తెర మీద గళ్ళలో ముందే రాసెయ్యాలి. రాతలో తప్పుంటే అది నేరుగా చొక్కాగా బయటికొస్తుంది. ముందుచూపు అవసరం ఈ యంత్రంతోనే బాగా పెరిగింది.

ఆ ముందుచూపుకు ఒక దారి, తెర మీద గుడ్డను కదిలించి చూడడం. 1998లో బరాఫ్, విట్కిన్ అనే పరిశోధకులు చూపించిన పద్ధతిలో గుడ్డ అంటే చిన్న చిన్న త్రికోణాలుగా విడగొట్టిన పలుచని రేకు. నేత గుడ్డకు అది బాగానే సరిపోయింది. అల్లిక గుడ్డకు సరిపోలేదు, ఎందుకంటే ఆ రేకులో లూపులు లేవు. 2008లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కాల్డర్, జేమ్స్, మార్ష్నర్ రేకును పక్కన పెట్టి దారాన్నే తీసుకున్నారు. దారం వంగుతుంది, సాగదు, ఇంకో దారం తగిలితే నెడుతుంది, రాసుకుంటుంది. ఈ నియమాలిచ్చి వేల లూపులను వదిలేశారు. అప్పుడు తెర మీది సాదా అల్లిక అంచులు, ఎవరూ చెప్పకుండానే, అసలు గుడ్డలాగే చుట్టుకున్నాయి. నిలువు గట్ల రిబ్ అల్లిక మడతలు దగ్గరికి లాక్కుంది. చిత్రకారుడు గీస్తే వచ్చిన చుట్టు కాదది, బలాల లెక్క తేల్చిన చుట్టు. ఈ రంగంలో నన్ను నిజంగా ఆశ్చర్యపరిచిన ఘట్టం ఇదే.

అయితే కొన్ని క్షణాల దృశ్యానికి గంటల కొద్దీ లెక్క పట్టింది. దానికి మధ్యేమార్గం 2020లో వచ్చింది. స్పెర్ల్, రాహుల్ నారాయిన్, వోయ్‌తాన్ చిన్న ముక్కను దారం స్థాయిలో లెక్కించి, అది ఎంత లాగితే ఎలా స్పందిస్తుందో నేర్చుకుని, ఆ గుణాన్ని రేకుకు అప్పగించారు.

ఇదంతా మనకెందుకంటే, వరంగల్ జిల్లా గీసుకొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2021లో ఆ పార్కుకు పెట్టుబడితో వచ్చిన కేరళ కంపెనీ కైటెక్స్ వ్యాపారం శిశువుల దుస్తులది. పసిపిల్లల చొక్కా చేసేవాళ్ళకు పెద్ద పరీక్ష మెడ. ఒంటితో పోలిస్తే తల పెద్దది. మెడ తల దూరేంత సాగాలి, దూరాక భుజాల మీదికి జారకుండా వెనక్కి రావాలి. ఇలాంటి చోట ఎక్కడ ఎంత బిగువు పడుతుందో రంగుల్లో చూపే లెక్క ఉంటే రెండు మూడు శాంపిళ్ళు తప్పుతాయి. ఆ రంగులు నమ్మదగినవి కావాలంటే అందులో వేసిన దారం మందం, బిగువు, లూపు పొడవు ఆ ఫ్యాక్టరీలో వాడే నూలు మీదే కొలిచినవై ఉండాలి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పట్టికలోంచి ఏదో ఒక నూలును ఎంచుకుంటే వచ్చేది అందమైన బొమ్మ మాత్రమే. లాటు మారితే నూలు గుణం మారుతుంది కనుక, తెర ఎంత బాగా చెప్పినా చివరి శాంపిల్‌ను ఇప్పటికీ అల్లి, ఉతికి, టేపు పెట్టి కొలవాల్సిందే.