సైకిలునకు క్రొత్త చట్రము



ఎడ్లబండికి ఇరుసు ఎట్టిదో సైకిలునకు చట్రము అట్టిది. మేస్త్రీలు దీనిని ఫ్రేము అందురు. చక్రము, గొలుసు, పెడలు, సీటు - వీనిలో ఏది చెడినను అంగడినుండి మఱియొకటి తెచ్చి బిగింపవచ్చును. చట్రమే చెడినచో తక్కినవన్నియు ఆధారము లేనివగును. నల్లగొండ, మహబూబునగరము ప్రాంతముల ఎఱ్ఱచెలకలలో, రాళ్లబాటలలో, పాలక్యానులు, కల్లుకుండలు, నూలుకట్టలు మోసి అలసిన సైకిళ్లు ఎన్నియో కలవు. అట్టిదానికి క్రొత్త చట్రమును ఎట్లు ఎంచుకొనవలయునో నేడు విచారింతము. ఇది రూకల లెక్క మాత్రమే కాదు. వయసు మీఱినవాడు పడి తుంటి విఱుగగొట్టుకొనెనా, మరల మునుపటివలె నడచుట కష్టము.

మొదట పాతదానికి నిజముగ కాలము తీరినదా యని చూడుడు. మట్టియు జిడ్డును కడిగి, ఎండలో నిలిపి, గొట్టములు కలియు చోట్లను పరికింపుడు. హాండిలు దిగువ క్రిందిగొట్టము అతుకబడిన చోట, పెడళ్ల ఇరుసు చుట్టును, వెనుక చక్రమును పట్టు కడ్డీలయందును వెంట్రుకవంటి గీత కనబడి, దాని వెంట తుప్పు చెమర్చినచో, అది పైరంగు పగులని తలపరాదు. లోని ఉక్కే పగిలియుండును. దానిపై రంగు పూసి యెక్కుట ప్రాణముతో చెలగాటము.

వంకర కనుగొనుటకు ఒక దారము చాలును. వెనుక చక్రమును తీసివైచి, ఇరుసు కూర్చుండు గాడి కొకదానికి దారము కట్టి, ముందు తలగొట్టము చుట్టు త్రిప్పి, రెండవ గాడికి తెచ్చి బిగింపుడు. నడుమనున్న సీటుగొట్టమునకు ఇరుప్రక్కల దారము సమదూరమున నుండవలెను. లేనిచో చట్రము వంగినదని గుఱుతు. ఒక్క సంధి మాత్రము వదలినచో నేర్పరి అతుకగలడు. గొట్టమే వంగినను, లోపల తుప్పు తిన్నను, క్రొత్తది చేయించుటయే మేలు.

ఇప్పటి సైకిళ్లకు మార్గదర్శియగు రోవరు బండిని 1885లో ఇంగ్లండునందలి కొవెంట్రీ పురమున జాన్ కెంప్ స్టార్లీ యను నతడు రూపొందించెను. కొలది యేండ్లకే సైకిలు చట్రము దాదాపు రెండు త్రికోణముల ఆకారమునకు వచ్చెను. నాలుగు కఱ్ఱల చతురమును త్రోసిన ఒరుగును. మూడు కఱ్ఱల త్రికోణము కఱ్ఱ విఱిగిననే గాని మాఱదు. చట్రపు బలమంతయు ఇందే యున్నది. మన దేశమున 1949లో మద్రాసునందు టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాయందు హీరో సైకిల్స్ స్థాపితమైనవి. పల్లెలలో విరివిగ నెక్కు బరువు సైకిలునకు సాధారణముగ చట్రము 22 అంగుళములు, చక్రములు 28 అంగుళములు. అందఱి కాళ్లు ఒక్క కొలతవి కావు గదా! కావున చేయించుకొనునప్పుడైనను మన మేనికి తగినట్లు చేయించుకొనవలెను.

చెప్పులతో నేలపై నిలువబడినప్పుడు పైగొట్టమునకును తొడల సంధికిని నడుమ రెండంగుళముల ఎడముండవలెను. సీటుపై కూర్చుండి మడమను క్రిందనున్న పెడలుపై నుంచిన మోకాలు చక్కగ చాగవలెను. హాండిలు పట్టుటకు నడుము వంచవలసిన పనిలేక యుండవలెను.

నల్లగొండ సీమవారికి ఇచ్చట ఒక ప్రత్యేక విషయము కలదు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఆ మేరను మించిన బావినీరు ఏండ్లతరబడి త్రాగి ఎందఱికో వెన్నును మోకాళ్లును బిగిసిపోయినవి. 2015లో చౌటుప్పలునందు మిషన్ భగీరథ స్తూపము ఆవిష్కృతమై, పిదప కృష్ణాజలము పల్లెలకు వచ్చినను, ఒకసారి బిగిసిన కీళ్లు మరల సడలుట లేదు. అట్టివారు కాలు వెనుకకు విసరి ఎత్తైన గొట్టమును దాటుట అపాయకరము. పైగొట్టము క్రిందికి దిగిన చట్రమును ఎంచుకొనుడు. అది ఆడువారి సైకిలని సిగ్గుపడ నక్కఱలేదు. అయితే అందు త్రికోణము తఱుగును గావున బరువు తక్కువగ మోయవలెను.

బరువే జీవనాధారమైనవారు వెనుక కడ్డీలు లావుగను, పైగొట్టములు జంటగను పెట్టించుట మంచిది. సరకు చక్రమునకు మీదుగ గుట్టవలె పేర్చుటకంటె ఇరువైపుల క్రిందికి వ్రేలాడునట్లు కట్టిన చట్రమునకు శ్రమ తగ్గును, బండి తూలదు.

ఇక లోహము మాట. అల్యూమినియము తేలిక, కాని అది సుమారు 660 డిగ్రీలకే కరగును గనుక పల్లె కొలిమిలో దానిని అతుకుట సాధ్యము కాదు. ఉక్కు బరువైనను, ఇత్తడితో సుమారు 900 డిగ్రీల వేడిలో అతుకవచ్చును. ఉక్కు కరగుటకు సుమారు 1500 డిగ్రీలు కావలెను. ఆ నడిమి దూరమే మేస్త్రీకి వెసులుబాటు. ఊరిలో బాగుచేయ వీలైనదే ఊరివానికి తగినది.

చేయువాని యొద్దకు పాత చక్రములను, ముందు చిమటాను, పెడళ్ల ఇరుసును వెంట తీసికొనిపొండు. అవి బలవంతము లేక అమరినగాని సొమ్ము చెల్లింపకుడు. రంగు వేయక మునుపే అతుకులు చూడుడు. మీదట దారపు పరీక్ష చేయుడు. వారము దినములు తేలిక బరువుతో నడిపి, మరల సంధులను పరికించి, పిదప పూర్తి భారము మోపుడు. రంగు చూచి చట్రమును కొనువాడు కొన్నాళ్లు సంతసించును. కొలత చూచి కొనువాడు అది నడచినన్నాళ్లును నిశ్చింతగ నుండును.