రహీమ్ మాష్టరుగారు – వెనుకపంక్తి విద్య

ఏ సాయంకాలమైనను పాఠశాల మైదానమునకు పోయి చూడుడు. బంతి తెచ్చిన బాలుడు సెంటర్ ఫార్వర్డుగా నిలుచును. వాని స్నేహితులు వాని కిరుప్రక్కల జేరుదురు. పరుగెత్తలేనివాడును, ఆలస్యముగా వచ్చినవాడును బ్యాకు లగుదురు. అందరికంటె చిన్నవానిని గోలునకు కావలి యుంచెదరు. బ్యాకు చేయవలసిన పని యేమని యడిగినచో, వచ్చిన బంతిని బలముగా తన్నుటయే యని ప్రత్యుత్తరము వచ్చును.

నిజమునకు తన్నుట యా పనిలో చివరి భాగము. బ్యాకు తన్నుటకు ముందు చూడవలెను. చూచుటకు ముందు తా నెచ్చట నిలువవలెనో తెలిసియుండవలెను. ఈ నిలుచు విద్యను మన దేశపు జట్టునకు పట్టుదలతో నేర్పినవారు హైదరాబాదు నగరమందలి యొక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయనను శిష్యులందరును రహీమ్ సాహెబని పిలిచెడివారు.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీని హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు అచ్చటి ఫుట్‌బాలు జట్టులో ఆడిరి. పట్టభద్రులైన పిమ్మట ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కాచిగూడ మిడిల్ స్కూలులోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలోను పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది ఆటల బాధ్యతను గూడ వహించిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై మరణపర్యంత మా పదవియందే యుండిరి. ఆనాడు మన ఓరుగల్లును హైదరాబాదు సంస్థానములోనిదే గావున, ఆయనను మనవారని చెప్పుకొనుటకు మనకు హక్కు గలదు.

ఆయన శిక్షణ పద్ధతి పంతులకు దగినదే. కుడికాలితో చక్కగా ఆడు బాలునకు ఎడమకాలితో మాత్రమే ఆడవలెనని నిర్బంధించి పోటీలు పెట్టెడివారు. బంతిని చాలసేపు తనయొద్దనే యుంచుకొని ఒక్కడే విన్యాసములు చూపుట ఆయనకు నచ్చదు. వచ్చిన బంతిని వచ్చినట్లే తోడివాని కందింపవలెను. ప్రతిభ గలవా డెచ్చట నున్నను వెదకి తెచ్చెడివారు. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్ బీదబాలుడు. మైదానమునకు వచ్చుటకు అద్దె సైకిలు నిమిత్తము తనకు దినమున కొక రూపాయి ఏర్పాటు చేసినది రహీమ్ సాహెబేయని బలరామ్ పిమ్మట కృతజ్ఞతతో చెప్పుకొనెను.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు రహీముగారి చేతికి వచ్చెను. ఆ సంవత్సరము మొదలు 1954 వరకు వరుసగా అయిదు మారులు ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. 1950లోనే మోహన్ బగానును ఓడించి డ్యూరాండ్ కప్పును గూడ తెచ్చెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో, రహీముగారి శిక్షణలో, భారతజట్టు ఇరానును 1–0తో గెలిచి స్వర్ణపతకము నందెను. ఇంతవరకు కథ సుఖముగానే నడచినది.

ఇచ్చట ఆట శాస్త్రమును కొంచెము చెప్పవలసియున్నది. పూర్వము జట్టులో గోలుకీపరు గాక ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫ్‌బ్యాకులు, అయిదుగురు ఫార్వర్డులు నుండెడివారు. బంతి అందుకొనువానికిని ఎదుటి గోలుగీతకును నడుమ ఎదుటిపక్షమువారు ముగ్గురైనను లేనిచో ఆఫ్‌సైడగునని అప్పటి నిబంధన. ఒక బ్యాకు సమయమెరిగి నాలుగడుగులు ముందునకు జరిగిన చాలును, ఫార్వర్డులు ఆఫ్‌సైడున చిక్కుకొనెడివారు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరుగా తగ్గించిరి. దానితో ఆ యుపాయము చాలవరకు చెడెను. ఇద్దరు బ్యాకుల నడుమ రాజమార్గము వంటి సందు తెరచుకొనెను. అంతట లండనునందలి ఆర్సెనల్ జట్టు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్, మధ్యనుండు సెంటర్ హాఫును వెనుకకు దీసి ఆ సందులో నిలిపెను. అదియే మూడవ బ్యాకు పద్ధతి. ఐరోపాయందు పెక్కుచోట్ల దాని నవలంబించిరి. మన దేశమున మాత్రము పాత పద్ధతియే సాగుచుండెను. ఆటగాండ్రలో చాలమందికి బూట్లును లేవు.

దీని ఫలము 1952 జులైలో హెల్సింకి ఒలింపిక్సులో తెలియవచ్చెను. యుగోస్లావియా మనపై పది గోలులు వేసెను. మనవారి పక్షమున అహ్మద్ ఖాన్ ఒక్కటి వేసెను. ఈ ఓటమికి వట్టికాళ్లే కారణమని పలువురు చెప్పిరి. దేశీయ సంఘము బూట్లను నిర్బంధము చేసెను. అది మంచిదే. కాని బూట్లు తొడిగినంతమాత్రమున ఇద్దరు ముగ్గురు కాజాలరు గదా! రహీముగారు అంతటితో తృప్తిపడక జట్టును మూడవ బ్యాకు పద్ధతికి త్రిప్పిరి. అలవాటైన ఆటను మార్చుట ఎంత కష్టమో ఏ పంతులకైనను తెలియును.

1956లో మెల్‌బోర్నున మనవారు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు వేసెను. ఒలింపిక్సులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అచ్చట మరల ఆ యుగోస్లావియాయే ఎదురాయెను. ఈ మారు మొదటి గోలు మనదే, ఓటమి 4–1. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ మున్నగు హైదరాబాదువారు పలువురుండిరి. 1960లో రోములో హంగరీతో 2–1గా ఓడి, ఫ్రాన్సుతో 1–1గా సమముగ నిలిచిరి. పెరూ 3–1తో గెలుచుటచే ముందునకు పోజాలరైరి. అయినను పది గోలుల నాటినుండి హంగరీవంటి జట్టు నెదుట రెండు గోలుల నాటికి వచ్చిన దూరము చిన్నది గాదు. గెలిచిన కప్పులకంటె ఆయన పనికి ఈ లెక్కయే మంచి కొలత యని నాకు తోచుచున్నది.

1962లో జకార్తాయందు ఆసియా క్రీడలు. అప్పటికి రహీముగారికి ఊపిరితిత్తుల కాన్సరు. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించెను. తరువాత థాయిలాండు పై 4–1, జపాను పై 2–0 గెలుపు. వెనుకపంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. బంతిని తలతో కొట్టి త్రోయవలసిన సెంటర్ బ్యాకునకు ఇంతకంటె కీడేమి? మరియొకరైనచో వానిని కూర్చుండబెట్టెడివారు. రహీముగారు వానిని సెంటర్ ఫార్వర్డుగా ముందునకు పంపి, వెనుక నడిమిచోటును అరుణ్ ఘోషున కప్పగించిరి. ఎదుటి బ్యాకు ఏ క్షణమున ఎటు అడుగు వేయునో బ్యాకుకు తెలిసినట్లు ఫార్వర్డుకు తెలియదు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై 3–2గా గెలిచినప్పుడు జర్నైల్ ఒక గోలు వేసెను.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీని. మరునాడు తన కొక కానుక కావలెనని, అది స్వర్ణపతకమని ముందు రాత్రి ఆయన శిష్యుల నడిగినట్లు ఆ జట్టువారు పిమ్మట చెప్పిరి. ఇజ్రాయేలు, తైవాను జట్లను రానీయకపోవుటను భారతీయుడైన క్రీడాధికారి సోంధీగా రాక్షేపించియుండుటచే జకార్తా ప్రజలు మనవారిపై కోపించియుండిరి. మైదానము నిండిన జనులందరు ఎదుటిపక్షమునకే జేకొట్టుచుండగా, మొదటి ఇరువది నిమిషములలోపలనే పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు ఒక గోలును వేసిరి. అటుపై గంటకు మించి ఆ రెండింటిని కాపాడవలెను. గోలులో హైదరాబాదున పుట్టిన పీటర్ తంగరాజ్, వాని ముందు ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగు. కొరియావారు ముగింపున నొక గోలు మాత్రము వేయగలిగిరి. 2–1.

రహీముగారు 1963 జూన్ 11వ తేదీని, ఏబదిమూడవ యేట, కాలధర్మము చెందిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో అటుపిమ్మట మనకు స్వర్ణము రాలేదు. 1970లో బాంగ్కాకున కంచుపతకము వచ్చెను. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదువాడు. ఆడినది బ్యాకుల వరుసలో. ఆయన పిమ్మట భారతజట్టునకు శిక్షకుడై, 1990లో ద్రోణాచార్య బహుమానము పొందెను.