చెరువులలో బాలబాలికలు మునిగి చనిపోవుట – నివారణోపాయములు

రాయపూరు చెరువుల పట్టణమని పూర్వమునుండి ప్రసిద్ధి. బూఢా తాలాబు, తేలీబాంధా, మహారాజబంధు, కంకాలీ తాలాబు మొదలగునవి నేటికిని పట్టణములోనే యున్నవి. పడమట ఖారూన్ నదిపై మహాదేవఘాటు కలదు. చుట్టుప్రక్కల తహసీళ్లలో చెరువు లేని గ్రామ మరుదు. ఇవిగాక రాయియు మొరమును త్రవ్విన పిమ్మట విడువబడి, వాననీటితో నిండిన గోతులును గలవు. వేసవి సెలవులలో పండ్రెండు మొదలు పందొమ్మిది సంవత్సరముల వయస్సుగల బాలురు ఈ నీటికి పోవుట సహజము. వారిలో కొందఱు ఇల్లు చేరరు.

ఈ మరణములు ప్రభుత్వమునకు తెలియనివి కావు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున రెవెన్యూ పుస్తకపు సర్క్యులరు 6-4 ననుసరించి నీట మునిగి చనిపోయినవారి కుటుంబమునకు 4 లక్షల రూపాయల సహాయ మీయబడుచున్నది. అందులకై తహసీలు కచ్చేరిలో దస్త్రము తయారగును. సొమ్ము మంజూరైన పిమ్మట అది బీరువా చేరును. చెరువు పేరు, మృతుని వయస్సు, దినము మొదలగు సంగతులు ఆ కాగితములనుండియే తెలియును. గడచిన అయిదు సంవత్సరముల దస్త్రములను ఒకచోట జేర్చి చూచినయెడల, ఏ గట్టున మోకు ఉంచవలెనో, ఏ గోతిచుట్టు కంచె వేయవలెనో క్రొత్త విచారణ లేకయే బోధపడును. ఒక ప్రాణమునకు ఇచ్చు సహాయములో స్వల్పభాగముతో ఒక రేవునకు కావలసిన సామగ్రి యంతయు సమకూరును.

ఈతకు మించిన లోతు లేదని సామెత. చెరువు అడుగు ఎఱిగినవానికి అది చెల్లును. పూడిక తీసిన చెరువునకు అది చెల్లదు. 2022వ సంవత్సరము ఏప్రిలులో ఆరంభమైన అమృత సరోవర పథకము క్రింద జిల్లాకు 75 చెరువులకు తక్కువ కాకుండ త్రవ్వుటయో బాగుచేయుటయో జరుగవలెనని నిర్ణయింపబడినది. నీటి నిలువకు ఇట్టి పనులు మేలైనవే. కాని యంత్రముతో మట్టి తీయునపుడు ఒడ్డు నిట్టనిలువుగా తెగినయెడల, నిరుడు మోకాలిలోతుగా నున్న తావు ఈ యేడు తలమునుక లగును. నీరు నిండిన పిమ్మట ఆ తేడా పైకి కానరాదు. కావున రేవువద్దనైనను నీరు నడుమువఱకు వచ్చుదాక మెల్లని వాలు విడువవలెనని పని ఒప్పందములోనే వ్రాయింపవలెను. పని ముగిసిన తరువాత లోతు కొలిచి, ఆ కొలతను రేవుమీద రంగుతో వ్రాయింపవలెను. గుఱ్ఱపుడెక్కయు తూడును పెరిగిన భాగమున కాళ్లు చిక్కుకొనును. అట్టిచోట స్నానపు రేవు ఉంచరాదు.

మునుగువాడు కేకలు వేయునని, చేతులు ఊపునని జనుల భ్రమ. నోరు నీటికి పైన నున్నంత స్వల్పకాలము ఊపిరి పీల్చుటకే చాలదు. ఇక కేక యెక్కడిది? చేతులు ప్రక్కలకు చాచి నీటిని క్రిందికి నొక్కుచు, నిలువుగా, నిశ్శబ్దముగా మునుగుట సామాన్యము. ఒక నిమిషము గడవకమునుపే అంతయు ముగియవచ్చును. పది అడుగుల దూరమున నున్న తోడివారికి అది ఆటవలె తోచును.

బాలురలో మఱియొక వాడుక కలదు. ఎవడు ఎక్కువసేపు నీటిలో ఊపిరి బిగబట్టునో యని పందెము వేసి, మునుగుటకు ముందు వేగముగా, లోతుగా పెక్కుమారులు శ్వాస విడుతురు. దీనివలన ప్రాణవాయువు విశేషముగా పెరుగదు. రక్తములోని బొగ్గుపులుసుగాలి మాత్రము తగ్గును. ఊపిరి పీల్చవలెనను తహతహను పుట్టించునది ప్రధానముగా ఈ బొగ్గుపులుసుగాలియే. అది తగ్గినందున, తహతహ కలుగకమునుపే ప్రాణవాయువు చాలక స్పృహ తప్పును. మంచి ఈతగాండ్రు సయితము ఇట్లు చనిపోవుదురు. ఈ సంగతి బడులలో తప్పక చెప్పింపవలెను.

అన్నిటికంటె శోచనీయమైనది రెండవ మరణము. స్నేహితుడు మునుగుట చూచి ఒకడు దూకును. మునుగువాడు చేతికి చిక్కినదానిని పట్టుకొని పైకెక్కజూచును. అది భయముచేత జరుగు పని, తలచి చేయునది కాదు. ఇద్దఱును పోవుదురు. దూకినవాని ధైర్యమును మెచ్చుకొనుటతో మన పని తీరలేదు. దిగక రక్షించు విధము వానికి ముందుగా నేర్పియుండవలసినది. ఒడ్డున పరుండి వెదురుగడగాని కండువగాని అందించుట. అంత దూరము అందనియెడల మోకుగాని, గాలినింపిన మోటారుచక్రపు ట్యూబుగాని, మూత బిగించిన ఇరువది లీటర్ల ఖాళీ నీళ్లడబ్బాగాని విసరుట – ఇంతే విద్య. ఒక్క మధ్యాహ్నమున నేర్పవచ్చును. అయితే గడయు మోకును ఆ రేవుననే యుండవలెను. పంచాయతీ గదిలో తాళమువేసి యుంచినవి లేనట్లే.

"స్నానము నిషేధము" అను పలకలపై కొందఱికి నమ్మిక మెండు. మే నెల యెండలో అట్టి పలక బాలుని ఆపజాలదు. జనులు చూచుచుండు చెరువునుండి, ఎవరును లేని గోతికి వానిని తరుమును. ప్రతి వార్డునందు ఒక రేవును సురక్షితముగా నేర్పఱచి, సాయంకాలము అచట ఈతగాని నిలిపి, తక్కిన గోతులకు కంచె వేయుట మేలు. బాలికల విషయమున రాఖీపున్నమ మఱునాటి భోజలీ నిమజ్జనము, కార్తికస్నానము గమనింపదగినవి. ఈత రాని బాలికలు తడిసి బరువెక్కిన బట్టలతో మెట్లపై జారుట కలదు. పాచి గీయించుటయు, ఇనుప కమ్మీ పట్టించుటయు పండుగకు ముందే జరుగవలెను.

నీటినుండి తీసినవానిని భుజముపై వేసికొని త్రిప్పుట, కడుపు నొక్కి నీరు కక్కించుట పనికిరావు. అవి కాలమును హరించును. 1903లో షేఫర్ అను పండితుడు చెప్పిన, బోర్లించి వీపు నొక్కు పద్ధతియు 1950 తరువాతి దశకములో విడువబడినది. ఊపిరి ఆగియున్నచో వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి రెండు మొదలు అయిదు మారులు ఊదవలెను. చలనము లేనిచో ఱొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 చొప్పున గట్టిగా నొక్కుచు, ప్రతి 30 నొక్కులకు 2 మారులు ఊదుచుండవలెను. తేరుకొన్నవానిని సయితము ఆసుపత్రికి పంపవలెను. కొన్ని గంటల పిమ్మట శ్వాస చెడవచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము 2021లో లోకమంతట సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. 5 మొదలు 14 సంవత్సరములలోపు వారి మరణకారణములలో ఇది మూడవది. భారత ఆరోగ్య మంత్రిత్వశాఖ 2023 డిసెంబరులో దీని నివారణకై కార్యక్రమ పత్రమును ప్రకటించినది.

రేవులలోని పలకలపై చెరువు పేరు, రేవు పేరు, 112, 108 అను సంఖ్యలు పెద్ద అక్షరములతో నుండవలెను. భయపడిన బాలుడు తానున్న చోటు చెప్పలేడు. హిందీతోపాటు ఛత్తీస్‌గఢీయు, విజయనగరపు రైలుమార్గము 1931లో పూర్తియైనది మొదలు తెలుగు కుటుంబములు స్థిరపడిన పేటలలో తెలుగును వ్రాయించుట మంచిది. ఈ పనులు ఏప్రిలు నెలాఖరుకు, బడులు మూయకమునుపే ముగియవలెను.